మందు లేని పదకొండు సీసాలు

పోయిన వారం నేను ఆపిన చోటు మీకు గుర్తుండే ఉంటుంది. సీసాలు కడిగే గదిలో సింకు కింద చేయి పెట్టి, నేను దాచిన పదకొండు సీసాలు ఇంకా అక్కడే ఉన్నాయా అని తడిమి చూసుకుంటున్నాను. వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. ఆ వచ్చింది నాతో పనిచేసే సంగీత. బకెట్ కోసం వచ్చింది, తీసుకుని పోయింది. నా వైపు చూడనే లేదు. వారమంతా మిమ్మల్ని భయపెట్టినందుకు ఏమీ అనుకోకండి. నేనూ అంతే భయపడ్డాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు మాటలు చెబుతాను. నా పేరు బానోత్ సువర్ణ. మాది కారేపల్లి దగ్గర తండా. ఇంటర్ అయిపోయాక, పోయిన ఏడు జూన్‌లో, దమ్మపేట అవతల వెంకటరామారావు గారి అరటి మొక్కల ల్యాబ్‌లో చేరాను. ఇక్కడ ఒక్క పిలకను చిన్న చిన్న ముక్కలుగా కోసి, గాజు సీసాల్లో పెంచి, వందల మొక్కలు చేస్తారు. సీసా అడుగున జున్నులా గడ్డకట్టిన మేత ఉంటుంది. మొక్కకు నచ్చిన ఆ మేత సూక్ష్మజీవులకు ఇంకా బాగా నచ్చుతుంది. కంటికి కనిపించని ఒక్క జీవి లోపల పడితే చాలు, వారం తిరగకుండా సీసా చెడిపోతుంది.

అందుకే మేము హుడ్ ముందు కూర్చుని పని చేస్తాం. గాలిని వడగట్టి మెల్లగా మన మీదికి ఊదే అద్దాల పెట్టె అది. పక్కన స్పిరిట్ దీపం, మూతికి గుడ్డ. హుడ్ ముందు మాట్లాడకూడదు, తుంపర్లు పడతాయి. చేరిన రోజు ఆ నియమం విని, దీన్ని నా కోసమే పెట్టారేమో అనుకున్నాను. పదో తరగతిలో ప్రార్థన చదవమంటే బడి మానేసిన పిల్లను నేను. రోజుకు ఆరు గంటలు ఎవరూ మాట్లాడించని ఉద్యోగం దొరకడం ఎంత అదృష్టమో నా డైరీకి మాత్రమే తెలుసు.

కానీ నా అదృష్టానికి ఒక గట్టు అడ్డం వచ్చింది. సీసాలు కడిగే గదిలో కిటికీ కింద సిమెంటు గట్టు ఉంది. ప్రతి సీసా మీద దాన్ని చేసిన పిల్ల పేరు రాసి ఉంటుంది. చెడిపోయిన సీసాలన్నిటినీ సోమవారం ఆ గట్టు మీద, పేరు బయటికి కనిపించేలా, వరసగా పెడతారు. మొదటి ఎనిమిది నెలలు ఆ వరసలో సగానికి పైగా నా పేరే ఉండేది. చేతులు ఎర్రబడేదాకా స్పిరిట్‌తో తుడుచుకునేదాన్ని. అయినా నా పేరే ఉండేది.

ఫిబ్రవరిలో పద్మప్రియ మేడమ్ మేతలో యాంటీబయాటిక్ కలిపించడం మొదలుపెట్టారు. మేడమ్ ఎమ్మెస్సీ చదివి వచ్చి ఈ ల్యాబ్ నడుపుతున్నారు. దవాఖానాలో సూదికి వాడే తెల్లటి పొడి మందే అది. మేతను ఉడికించి, కొంచెం చల్లారాక ఆ మందు కలపాలి. కలిపిన వారం నుంచి గట్టు మీద సీసాలు తగ్గాయి. జూన్ నాటికి గట్టు పూర్తిగా ఖాళీ అయ్యింది. నా పేరు ఎక్కడా లేదు. ఆ నెల నా డైరీలో ప్రతి పేజీ చివర "ఈ రోజు మంచి రోజు" అని ఉంటుంది.

ఆ మందుతో పెరిగిన మొక్కల్లో ఆరు వందలు పచ్చ నెట్టు కింద నీడలో సిద్ధంగా ఉన్నాయి. గురువారం వ్యాన్ ఎక్కాలి. అవి వెళ్లేది మా నాన్న లచ్చిరాం అర ఎకరానికి. మిరప మానేసి మొదటిసారి అరటి వేద్దామని నాన్న గుంతలు కూడా తీసి పెట్టాడు. అలాంటప్పుడు నేను పదకొండు సీసాలు దాచాను. మందుతో పెరిగిన మొక్కల్లోనూ చెడు ఉందేమోనని వాటిని చూస్తే అనిపించింది. అదే నిజమైతే ఆ మొక్కలు మా నాన్న చేనుకు పోకూడదు. బయటపెడితే నా పేరు మళ్లీ గట్టు మీదికి వస్తుంది, బహుశా హుడ్ ముందు నా కుర్చీ కూడా పోతుంది.

జూలై పదో తేదీ, సోమవారం.

ఆ ఉదయం వాన వెలిసింది. వెంకటరామారావు గారు తోట నుంచి మొక్కజొన్న కంకులు కోయించి, కాల్పించి, బుట్టలో పెట్టించుకుని వచ్చారు. ల్యాబ్ లోపల తినకూడదు కాబట్టి అందరం వరండాలో నిలబడ్డాం.

"ఐదు వారాలుగా గట్టు ఖాళీ అటగా. తినండమ్మా, మీకోసమే తెచ్చాను," అన్నారాయన.

"సార్, ఉప్పూ కారం మర్చిపోయిండ్రు," అంది సంగీత. సంగీత నాతో ఒకే గదిలో ఉంటుంది. మా ఇద్దరి మాటలూ తనే మాట్లాడుతుంది.

"నిమ్మకాయ కూడా కావాలా తల్లీ?"

"ఉంటే ఇయ్యండి సార్, వద్దంటనా."

మేడమ్ నవ్వారు. ఆమె అలా పళ్లు కనిపించేలా నవ్వడం అరుదు. నా చేతిలో వెచ్చటి కంకి ఉంది. గురువారం వ్యాన్ సంగతి సార్ మేడమ్‌కు గుర్తు చేశారు. "లచ్చిరాంకి మాటిచ్చాను, తెల్లారేసరికి మొక్కలు చేలో ఉండాలి," అన్నారు.

కంకిని గోడ మీద పెట్టి లోపలికి వెళ్లాను. సింకు కింద నుంచి సీసాలు ఒక్కొక్కటీ తీశాను. తుడిచాను. గట్టు మీద వరసగా పెట్టాను. పదకొండు. పేరు బయటికి కనిపించేలా తిప్పాను. సువర్ణ, సువర్ణ, సువర్ణ. తలుపు దగ్గరికి వచ్చి అన్నాను.

"మేడమ్, గట్టు ఖాళీ లేదు."

అందరూ లోపలికి వచ్చారు. ప్రతి సీసాలోనూ మొక్క పచ్చగానే ఉంది. కానీ మొదలు చుట్టూ, మేత లోపల, పాలు ఒలికినట్టు తెల్లటి పొర ఉంది.

"ఇవి ఎప్పటివి?" అన్నారు మేడమ్.

"జూన్ ఇరవై ఎనిమిదిన చేసిన మేడమ్."

"ఎప్పుడు చూశావు?"

"ఐదో తారీఖు."

"ఐదు రోజులు దాచావా?"

"దాచిన."

"మందు వేసిన మేతలో ఇలా ఎలా వచ్చింది?"

ఇక్కడ నా అసలు తప్పు చెప్పాలి. మందు ఎప్పుడు కలపాలో మేడమ్ చెప్పేటప్పుడు "చల్లారాక, కానీ గట్టిపడక ముందు" అనేవారు. థర్మామీటర్ పోయిన నెలలో పగిలింది, కొత్తది రాలేదు. నాకు తెలిసిన చల్లారడం ఒక్కటే. మా ఇంట్లో గేదె పాలు కాగాక, అమ్మ చిటికెన వేలు ముంచి చూసి, వేలు ఓర్చుకున్నాక తోడు వేస్తుంది. నేను ఫ్లాస్కు బయట వేలు పెట్టి చూశాను. తోడు వేసే వేడి వచ్చేదాకా ఆగి మందు కలిపాను. పెరుగుకు అది సరైన వేడే. మా మేతకు మాత్రం ఆలస్యం. మందు కలిపి ఫ్లాస్కు తిప్పేలోపే మేత గడ్డలు కట్టింది. సీసాల్లోకి వంచితే జారలేదు. రెండు లీటర్లు. పారబోస్తే ఏమంటారో అని భయం వేసింది. ఫ్లాస్కును మరిగే నీళ్ల తొట్టిలో అరగంట పెట్టి, నెయ్యి కరిగించినట్టు కరిగించి, నలభై సీసాల్లో పోశాను. అంత వేడికి మందు చచ్చిపోతుందని నాకు తెలుసు. మందు మొదలుపెట్టిన వారమే మేడమ్ చెప్పారు.

ఇదంతా ఇంత వరసగా నేను చెప్పలేదు. "తోడు లెక్క జూసిన మేడమ్, గడ్డ కట్టింది, మళ్ల కాగబెట్టిన," అన్నాను, అంతే. సార్‌కు నవ్వు ఆగలేదు.

"పెరుగు తోడెట్టిందండీ మన ల్యాబ్‌లో. భలే పిల్ల."

మేడమ్ నవ్వలేదు. "నలభై అన్నావు. ఇక్కడ పదకొండే ఉన్నాయి. మిగతా ఇరవై తొమ్మిది ఏవి?"

"రాక్‌ల ఉన్నయి. అవి మంచిగనే ఉన్నయి."

"మందు లేకుండానా?"

"అవ్ మేడమ్."

మేడమ్ ఒక సీసా తీసి వెలుతురుకు పట్టుకున్నారు. ఇంకొకటి తీశారు. మూడోది. మూత మీద పేరు పక్కన చిన్న అంకె ఉంటుంది, ఏ పిలక నుంచి వచ్చిన మొక్కో చెప్పే నంబరు.

"ఏడు. ఇదీ ఏడే. ఇదీ," అన్నారు మెల్లగా. "ఆ రోజు ఇంకేం నంబర్లు చేశావు?"

"డైరీల ఉంది మేడమ్."

అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను. ఎరువుల కొట్టు వాళ్లు ఇచ్చిన డైరీ అది. దాన్ని అమ్మకు కూడా చూపించలేదు. సంగీత అప్పటికే పరిగెత్తి నా సంచిలోంచి తెచ్చేసింది. మేడమ్ తీసిన పేజీ వేరేది. పైకే చదవడం మొదలుపెట్టారు.

"ఈ రోజు కూడా మేడమ్ హుడ్ ముందు కూనిరాగం తీసిండ్రు. మాట్లాడొద్దంటరు గానీ..." అక్కడ ఆగారు. సంగీత గోడ వైపు తిరిగి భుజాలు ఊపుతోంది. సార్ దగ్గారు. నేను నేల వైపు చూస్తున్నాను.

"మూతికి గుడ్డ కట్టుకునే తీస్తాను," అన్నారు మేడమ్, ఎవరితోనో తెలియకుండా. పేజీలు తిప్పి ఇరవై ఎనిమిదో తేదీ పట్టుకున్నారు. ఈసారి మనసులోనే చదివారు. నేను అక్కడ ఏం రాశానో నాకు కంఠతా వచ్చు. మూడో నంబరు పది సీసాలు, ఐదో నంబరు పది, తొమ్మిదో నంబరు తొమ్మిది, ఏడో నంబరు పదకొండు. అన్నీ ఒకే పూట, ఒకే హుడ్, ఒకే కత్తి, ఒకే దీపం.

మేడమ్ డైరీ మూసి, దాన్ని ఛాతీకి ఆనించుకుని గట్టు మీది సీసాల వైపు వంగారు. తిడతారని అనుకున్నాను.

"సువర్ణా, సూక్ష్మజీవి మన చేతి నుంచి పడితే ఎక్కడ పడుతుంది?"

"ఎక్కడన్న పడుతది మేడమ్. మేత మీద, సీసా అంచుకి, చుక్కలు చుక్కలుగ."

"ఇది ఎక్కడుంది?"

చూశాను. పదకొండు సీసాల్లోనూ తెల్లదనం మొక్క మొదట్లోనే మొదలై బయటికి వ్యాపించింది. మేత మీద మరెక్కడా ఒక్క చుక్క లేదు.

"మొక్కల నుంచి వచ్చింది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అదే. నీ చేతి నుంచి పడితే మూడో నంబరూ చెడిపోవాలి, తొమ్మిదో నంబరూ చెడిపోవాలి. ఏడు ఒక్కటే చెడింది. పిలక లోపలే ఉంది అది, మొదటి నుంచి. మనం పైన ఎంత కడిగినా లోపలికి చేరదు." ఆమె నా వైపు తిరిగారు. "ఏడో నంబరు రాక్ ఎవరి హుడ్ పక్కన ఉంది?"

"సువర్ణదే మేడమ్," అంది సంగీత. "సంవత్సరం నుంచి ఏడో నంబరు ఎక్కువ ఇదే కోస్తుంది. జల్దీ పిలకలు పెడుతది గదా అని మీరే ఇచ్చిండ్రు."

"నేనే ఇచ్చాను," అన్నారు మేడమ్. "ఎనిమిది నెలలు ఈ పిల్ల పేరు గట్టు మీద పెట్టింది కూడా నేనే. నీ చేతిలో తప్పు లేదు, సువర్ణా."

ఆ మాట విని నేను ఏడ్చానని సంగీత ఇప్పటికీ చెబుతుంది. ఏడవలేదు. గోడ మీద పెట్టిన కంకి గుర్తొచ్చి వరండాలోకి వెళ్లి తెచ్చుకున్నాను, అంతే. చల్లారిపోయినా అంత రుచిగా ఉన్న కంకి నేను మళ్లీ తినలేదు.

సార్ మాత్రం ఇంకా గట్టు దగ్గరే ఉన్నారు. "ఇప్పుడు సంగతేంటమ్మా పద్మప్రియా? మందేస్తే పోయిందన్నావుగా."

"పోలేదు సార్, అణిగింది. మందు ఉన్నంతసేపు పెరగకుండా ఊరుకుంది. ఇక్కడ మందు చచ్చిపోయేసరికి లేచింది. సీసాలు శుభ్రం చేస్తున్నాననుకున్నాను. చెడు కనపడకుండా చేశాను. తప్పు నాదే."

"మరి గురువారం మొక్కలు?"

"వాటిలో ఎక్కువ ఏడో నంబరే."

సార్ కండువాతో మొహం తుడుచుకున్నారు. "మొక్కలు నిగనిగలాడుతున్నాయి కదమ్మా. లోపల ఏదో ఉంటే ఉంది. చేలో దానికేం నష్టం?"

"కొన్ని ఏ నష్టమూ చేయవు సార్. మొక్కా అదీ కలిసి బతికేస్తాయి. కొన్ని మంచివి కావు. వానలు ముదిరాక కాండం మొదలు మెత్తబడుతుంది, కుళ్లు వాసన వస్తుంది. గెల వేసిన చెట్టు ఎవరో తోసినట్టు పక్కకు పడిపోతుంది. ఇది ఏ రకమో తెలియాలంటే యూనివర్సిటీకి పంపాలి. ముందు నాకు రెండు రోజులు ఇవ్వండి. అనుమానం మీద ఆపమని మిమ్మల్ని అడగను. బుధవారం మీ కళ్లకే చూపిస్తాను."

సార్ పచ్చ నెట్టు వైపు చూశారు. ఆ ఆరు వందల మొక్కలు ఆయనకు కూడా మొదటి పంట.

"బుధవారం దాకా," అన్నారు. వెళ్తూ నా దగ్గర ఆగి, "పెరుగు బాగా తోడుకుందిలేమ్మా," అన్నారు.

మేడమ్ పరీక్ష తానే చేశారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నేను చెబితే తాను రాసుకుంటూ, తాను చేస్తే నేను రాసుకుంటూ. మందు లేని పలచటి మేతను గాజు గొట్టాల్లో పోశాం, చూడడానికి గంజి తేటలా ఉంది. మూడు, ఐదు, ఏడు, తొమ్మిది నంబర్ల మొక్కల మొదళ్లను పైన శుభ్రం చేసి, లోపలి నుంచి గింజంత ముక్కలు కోసి వేశారు. సీసాల నుంచి కొన్ని, నెట్టు కింద మొక్కల నుంచి కొన్ని. ఒక గొట్టంలో ఏ ముక్కా వేయలేదు. మేత ఊరికే చెడిపోలేదని చూపడానికి అది. మూతి గుడ్డ వెనక కూనిరాగం మొదలైంది. సగంలో ఆగిపోయింది. నేను మేడమ్ వైపు చూడలేదు.

మంగళవారం సాయంత్రానికే ఏడో నంబరు గొట్టాలు మసకబారాయి. బుధవారం మధ్యాహ్నానికి బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. సీసాలవీ, నెట్టు కిందవీ రెండూ. మిగతా గొట్టాలు, ఏ ముక్కా వేయనిదీ, నీళ్లంత తేటగా ఉన్నాయి. సార్ వచ్చి ఒక్కొక్కటీ కిటికీకి పట్టుకుని చూశారు. మేడమ్ వైపు చూసి తలూపి, డ్రైవర్‌ను పిలిచి వ్యాన్ వద్దని చెప్పారు.

"ఏడో నంబరు మొత్తం ఆపేయ్. మిగతా వాటిని మందు లేకుండా పెంచమ్మా. చెడేది ఉంటే ముందే చెడనీ."

"మందు పూర్తిగా మానం సార్. అవసరమైన చోట, లెక్కగా వాడదాం. ఊరికే రోజూ వాడితే అవి దానికి అలవాటు పడతాయి, రేపు మందు కూడా పనిచేయదు." తర్వాత నాతో అన్నారు. "రేపటి నుంచి మేత పోసేది నువ్వే. కొత్త థర్మామీటర్ వస్తుంది. చిటికెన వేలు జేబులో పెట్టుకో."

"పెరుగు మేడమ్ అని బోర్డు రాయిద్దాం సార్," అంది సంగీత.

గట్టు సంగతి కూడా ఆ రోజే తేలింది. చెడిన సీసాలు ఇక పేరుతో కాదు, నంబరుతో పెట్టాలని మేడమ్ చెప్పారు. నా పేరు మీద నాకే ఇష్టం పుట్టింది. ఆ మధ్యాహ్నం నా కంటే సంతోషంగా ఉన్న మనిషి దమ్మపేట మండలంలో లేదు.

నాన్నకు కబురు చెప్పాలి. గేటు దగ్గర బిళ్ల వేసే ఫోన్ ఉంది. మా తండాలో ఫోన్ చందూలాల్ మామ కిరాణా కొట్లో ఉంటుంది. మామ కేకేస్తే నాన్న వస్తాడు. నాన్న ఫోన్‌లో తెలుగే మాట్లాడతాడు. ఇంట్లో మాట్లాడే మా భాష అంత దూరం తీగల మీద పోతే అలిసిపోతుందని వేళాకోళం ఆడతాడు.

"బా, నేను. రేపు మొక్కలు రావు."

"ఏమైంది బిడ్డా? బండి ఖరాబైందా?"

"బండి గాదు. మొక్కల రోగం ఉన్నట్టుంది. మేడమ్ ఆపింది. సార్ గూడ ఒప్పుకుండు."

నాన్న కోపం తెచ్చుకుంటాడని చూశాను. నవ్వాడు.

"ఆపితే ఆపనీ. నువ్వేం ఫికరు చెయ్యకు. వాన మంచిగ పడ్డది, గుంతలు నీళ్లు తాగి కూసున్నయి. వాటిని ఎండబెడతనా? మనింటి ఎనక అరటి దుబ్బుల పిలకలు లెవ్వా?"

"ఆరు వందలు కావాలె గదా బా."

"మనదొక్కటే గాదు. తండాల ఎవరింటికి పో, మన దుబ్బు పిలకే పెట్టుకున్నరు. ఇంటికి పది తీసుకుంట. తక్కువైతే ఎనకముందు నింపుకోవచ్చు. నాటనీకి అందరికి ముందే చెప్పిన, ఇగ రేపు తెల్లారంగ గడ్డపారలు గూడ పట్టుకొని రమ్మంట. మీ యాడి పొద్దున్నుంచి పదిమందికి వంటకు ఉల్లిగడ్డలు కోస్తుంది."

నాకూ నవ్వొచ్చింది. అమ్మ ఉల్లిగడ్డలు కోస్తూ ఎలా తిడుతుందో కళ్లకు కట్టింది.

"ఆ దుబ్బుల నిరుడు రెండు చెట్లు పోయినయి గదా," అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"అది అడవిపందులు. గెల మీదున్న చెట్లను మొదలు కాడ పొడిచి తోసినయి. మొదలు ఎంత మెత్తగ నలిగిందంటే చెయ్యి పెడితే లోపలికి దిగింది, వాసన గూడ. ఈసారి కంచె ఏస్త. ఉంట బిడ్డా, చందూలాల్ కొట్టు మూసి సంతకు పోతడట, తొందర చేస్తుండు."

ఫోన్ పెట్టేశాక కాసేపు గేటు దగ్గరే నిలబడ్డాను. వాన కడిగిన పామాయిల్ తోటలు మెరుస్తున్నాయి. ఏదో పొసగనట్టు అనిపించింది, కానీ ఏమిటో తెలియలేదు. ల్యాబ్‌కు తిరిగి నడుస్తుంటే పంది కోరల గురించి ఆలోచించాను. పంది పొడిస్తే చెట్టు చీరుకుపోవాలి కదా, వాసన ఎందుకు వస్తుంది.

మేడమ్ తన గదిలో, బీరువా తెరిచి, నల్ల అట్ట రిజిస్టర్ ముందు పెట్టుకుని ఉన్నారు. ఆ రిజిస్టర్ మేము ఎవరం చూడలేదు. పోయిన ఏడు పన్నెండు తోటల నుంచి పిలకలు వచ్చాయి. నేను కూడా చేరిన వారం మా ఇంటి వెనక దుబ్బులోంచి గోనెసంచిలో అమృతపాణి పిలకలు మూడు తెచ్చి ఇచ్చాను. ఎవరివి ఏవో తెలిస్తే "నాది, నీది" అని పక్షపాతం వస్తుందని, మేడమ్ అన్నిటికీ నంబర్లు వేసి, అసలు పేర్లు ఈ రిజిస్టర్‌లో రాసి తాళం వేశారు.

"కూర్చో సువర్ణా," అన్నారు. "ఏడో నంబరు తల్లి పిలక ఎవరి పెరట్లోదో చూశాను. ఆ రైతుకు ఈ రోజే చెప్పాలి. ఏ రకమో తేలేదాకా ఆ దుబ్బులోంచి ఒక్క పిలక కూడా తీసి వేరేచోట నాటకూడదు. నాటితే కొత్త చేను మొత్తానికీ అంటించినట్టే."

ఆమె రిజిస్టర్ నా వైపు తిప్పారు. ఏడో వరస. అమృతపాణి. బానోత్ లచ్చిరాం ఇంటి వెనక పెరడు. తెచ్చినవారు, సువర్ణ.

నేను మళ్లీ గేటు దగ్గరికి పరిగెత్తాను. బిళ్ల వేశాను. ఫోన్ మోగింది, మోగింది, ఎవరూ తీయలేదు. చందూలాల్ మామ సంతకు వెళ్లిపోయాడు, పోతే మర్నాటికి గానీ రాడు. తండాలో ఇంకో ఫోన్ లేదు. మా వైపు వెళ్లే బస్సు మూడింటికే పోయింది, గడియారం నాలుగు దాటింది. రేపు తెల్లారంగానే తండాలోని గడ్డపారలన్నీ మా దుబ్బులోనూ, మా పిలకలతో పుట్టిన ప్రతి దుబ్బులోనూ దిగుతాయి.

సార్ ఇల్లు ల్యాబ్ వెనకే. ఏడాదిలో ఆ మెట్లు నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు. సార్ ఎదురైతే పక్కకు తప్పుకునేదాన్ని. ఆ రోజు మెట్లెక్కాను. వరండాలో సార్ కాఫీ తాగుతున్నారు. పక్కన ఇద్దరు కొత్తవాళ్లు ఉన్నారు, గుమ్మంలో సార్ వాళ్ల అమ్మగారు భారతమ్మ గారు ఉన్నారు. నలుగురూ నా వైపు చూశారు.

"సార్, మీ జీపు కావాలె," అన్నాను. "ఇప్పుడే."